రాయి అడుగున గోధుమరంగు పాలిప్‌లు, టెంటకిల్స్ కొసల్లో తెల్ల చుక్కలు: ఇదేమిటో చెప్పగలరా?

నీలితొట్టి
అందరికీ నమస్తే. నాది 200 లీటర్ల ఉప్పునీటి ట్యాంక్. లైవ్ రాక్‌లో (సముద్ర జీవులతో సహా ట్యాంక్‌లో పెట్టే రాయి) ఒక ముక్క కింది వైపు, నీడ పడే చోట, చిన్న చిన్న పాలిప్‌ల (నోటి చుట్టూ టెంటకిల్స్ అనే సన్నటి చేతులున్న జీవులు) గుంపు కనిపించింది. నేను కొని పెట్టింది కాదు, రాయితో పాటే వచ్చి ఉండాలి. ఒక్కోటి 5 మి.మీ. అటూ ఇటూ. ఒళ్లు లేత గోధుమరంగు. టెంటకిల్స్ మాత్రం గాజులా ఉన్నాయి, కొసన ఒక్కో తెల్ల చుక్క. పగలంతా ముడుచుకుని ఉంటాయి, లైట్లు ఆరాక విచ్చుకుంటాయి.

నీళ్ల పరీక్ష అంకెలు: ఉప్పు సాంద్రత 1.025, వేడి 25.5 డిగ్రీలు, ఆల్కలినిటీ 8.4 డీకేహెచ్, కాల్షియం 420, మెగ్నీషియం 1320, నైట్రేట్ 8, ఫాస్ఫేట్ 0.06. ఫొటో పెట్టాను. ఇది పగడమా, లేక ట్యాంకంతా పాకిపోతుందని అందరూ భయపెట్టే ఆ ఐప్టేషియా అనే సముద్ర పుష్పమా (సీ అనెమొనీ)? పక్క రాళ్ల మీద ఖరీదైన పగడాలు ఉన్నాయి, అందుకే టెన్షన్.

ఉప్పుమామ
గోధుమరంగు, గాజు టెంటకిల్స్, రాయి సందులో కాపురం. ఐప్టేషియా కాక ఇంకేమిటి? ఇవాళ గుప్పెడు ఉన్నాయి, ఊరుకుంటే ట్యాంకంతా అవే. కాల్షియం హైడ్రాక్సైడ్‌ని ముద్దగా కలిపి సిరంజితో నోట్లో పెట్టేయండి. మొహమాటం అనవసరం.

పాలిప్‌ప్రియ
మామా, ఒక్క నిమిషం ఆగండి. ఆ ఫొటోలో నీలి వెలుగు తప్ప నాకేమీ కనపడలేదు. దాన్ని చూసి ఐప్టేషియా అనొచ్చు, అంగారక గ్రహం అని కూడా అనొచ్చు.

నీలితొట్టి గారూ, మళ్లీ తీయండి. ముందు పంపులన్నీ ఆపి నీళ్లు నిలవనివ్వండి. నీలి లైట్లు ఆర్పి తెల్ల లైటు ఒక్కటే ఉంచండి. లెన్స్‌ని అద్దానికి ఆనించినంత దగ్గరగా, నేరుగా పెట్టాలి. ఏటవాలుగా పెడితే అద్దం మందం వల్ల బొమ్మ అలుక్కుపోతుంది. ఫోన్‌కి తగిలించే చిన్న మాక్రో లెన్స్ ఉంటే ఇంకా మంచిది. సైజు తెలియడానికి పక్కన ప్లాస్టిక్ స్కేలు ఒకటి పట్టుకోండి.

రాత్రి చూసేటప్పుడు టార్చ్‌కి ఎర్ర సెల్లోఫేన్ చుట్టండి. తెల్ల వెలుగుకి ముడుచుకునే జీవులు చాలావరకు ఎర్ర వెలుగుని పట్టించుకోవు, తీరిగ్గా చూసుకోవచ్చు.

ఫొటోతో పాటు నాలుగు సంగతులు కావాలి. ముడుచుకున్నప్పుడు కింద గట్టి గిన్నె మిగులుతోందా, లేక అంతా మెత్తగా సందులోకి జారిపోతోందా? ఒక పాలిప్‌కి టెంటకిల్స్ సుమారు ఎన్ని? వాటికి పక్కన ఈకల్లాంటి కొమ్మలు ఉన్నాయా? పాలిప్‌ల మధ్య రాయి మీద పొర ఏదైనా పాకి ఉందా, లేక దేనికదే విడిగా ఉందా?

రంగు గురించి మాత్రం నేను అడగను. ఒకే జీవి ఒక ట్యాంక్‌లో గోధుమరంగులోనూ ఇంకో ట్యాంక్‌లో ఆకుపచ్చగానూ ఉంటుంది. రంగు పట్టుకుని పేరు చెప్పేవాళ్లని నమ్మను.

కొత్తజాలరి
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. నా రాయి మీదా తెలియని పాలిప్‌లు ఉన్నాయి. ఏవైతే ఏంటి, రాయి బయటికి తీసి వేడినీళ్లు పోసి బ్రష్‌తో రుద్దేస్తే పీడ పోదా? ఇంత పరిశోధన ఎందుకు?

రాత్రిడ్యూటీ
కొత్తజాలరీ, ఆ పని మాత్రం చేయకు. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు, కానీ భయపడాల్సిన విషయమే.

లైవ్ రాక్ మీద పేరు తెలియకుండా వచ్చే వాటిలో పాలిథోవా అనే మెత్తటి పాలిప్‌ల జీవి కూడా ఉంటుంది. దాని దగ్గరి చుట్టం జోయాంథస్. వీటిలో కొన్నింటి ఒంట్లో పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది. దీన్ని మొదట 1971లో హవాయి పాలిథోవా నుంచి వేరు చేశారు. మన కణాల పొరల్లో సోడియంని బయటికి, పొటాషియంని లోపలికి పంపే పంపు ఒకటి ఉంటుంది. ఈ విషం వెళ్లి దాన్నే పట్టుకుంటుంది. అప్పుడు ఆ పంపు తెరిచి వదిలేసిన గేటులా అయిపోతుంది, కణంలో ఉండాల్సిన ఉప్పుల లెక్క తప్పుతుంది.

అసలు చిక్కు వేడినీళ్లతోనే. ఉడికించినంత మాత్రాన ఈ విషం విరిగిపోదు. పైగా ఆవిరితో, తుంపరతో గాల్లోకి లేస్తుంది. రాయిని ఉడకబెట్టి, లేదా వేడినీళ్లతో కడిగి, ఇంట్లో వాళ్లంతా ఆస్పత్రి పాలైన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. నోట్లో లోహపు చేదు, చలిజ్వరం వచ్చినట్టు వణుకు, ఒళ్లు నొప్పులు, దగ్గు, ఊపిరాడకపోవడం. పెంపుడు జంతువులకీ ప్రమాదమే. గట్టి బ్రష్‌తో రుద్దితే చిమ్మే నీళ్లు కంట్లో పడి కార్నియా దెబ్బతిన్న కేసులు కూడా ఉన్నాయి. దీనికి విరుగుడు మందు లేదు, లక్షణాలకి చికిత్స చేయడమే.

కాబట్టి తెలియని పాలిప్ ఉన్న రాయిని ఉడకబెట్టకు, వేడినీళ్లు పోయకు, మైక్రోవేవ్‌లో పెట్టకు, పొడిగా గీకకు. ముట్టుకోవాలంటే చేతికి గ్లవ్స్, కళ్లకి పూర్తిగా మూసుకునే అద్దాలు. చేతి మీద పుండో గీతో ఉంటే ఆ రోజు ట్యాంక్‌లో చెయ్యే పెట్టకు. ఎప్పుడైనా పొరపాటున ఆ ఆవిరి పీల్చి ఒళ్లు తేడాగా అనిపిస్తే అందరూ ఇంట్లోంచి బయటికి వచ్చేసి నేరుగా ఆస్పత్రికి వెళ్లండి. "పాలిథోవా, పాలిటాక్సిన్" అని డాక్టర్‌కి పేరు పెట్టి చెప్పండి, లేకపోతే వాళ్లు మామూలు జ్వరం కింద చూసే వీలుంది.

పేరు కనుక్కోవడం ఎందుకు అన్నావు చూడు, ఒకటి ఇందుకే.

కొత్తజాలరి
బాబోయ్. రాయి ముట్టుకోను. ఫొటో తీసి వేరే చర్చ మొదలుపెడతాను.

నీలితొట్టి
పాలిప్‌ప్రియ గారూ, చెప్పినట్టే చేశాను. కొత్త ఫొటోలు మూడు పెట్టాను. గ్లవ్స్ వేసుకునే చూశాను.

ఎర్ర వెలుగులో పక్కనే కూర్చుని చూస్తే ఒక్కోదానికి టెంటకిల్స్ పాతిక పైనే ఉన్నాయి. ఈకలు, కొమ్మలు లేవు. తెల్ల చుక్కలు కొసన మాత్రమే అనుకున్నాను, కాదు. టెంటకిల్ పొడవునా సన్నటి తెల్ల పొక్కుల్లా ఉన్నాయి, కొసన ఉన్నది కాస్త పెద్దది. ప్లాస్టిక్ పుల్లతో మెల్లగా తాకితే నిదానంగా ముడుచుకుంది. ముడుచుకున్నాక పుల్ల కొసకి గట్టి అంచు తగిలింది, టిక్కుమని. గిన్నె అంచు రాయి మీద ఒకటి రెండు మి.మీ. ఎత్తు ఉంది. పాలిప్‌ల మధ్య పలుచటి పొర పాకినట్టు ఉంది, కానీ దాని మీద గులాబీ రంగు పాచి పేరుకుపోయి సరిగా తెలియడం లేదు.

మాక్రోకన్ను
ఈ ఫొటోలు బాగున్నాయి. ఇప్పుడు మాట్లాడుకోవచ్చు.

ఆ "టిక్కు" అన్న చోటే సగం పని అయిపోయింది. ఐప్టేషియా సముద్ర పుష్పం, ఒళ్లంతా మెత్తనే. తాకగానే సందులోకి చటుక్కున జారుకుంటుంది, చోటు ఖాళీ. బాగా విసిగిస్తే ఒంట్లోంచి అకాంషియా అనే తెల్ల దారాలు బయటికి విసురుతుంది. మీవి నిదానంగా ముడుచుకుని గిన్నెలో కూర్చున్నాయి. టెంటకిల్ కూడా చూడండి. ఐప్టేషియాది పొడుగ్గా, కొసకి వచ్చేసరికి సూదిలా సన్నబడుతుంది. మీ వాటి కొస మొద్దుగా ఉంది.

మొద్దు కొస అనగానే మజానో అంటారు కొందరు. అదీ మెత్తని సముద్ర పుష్పమే, గిన్నె ఉండదు. సూడోకొరినాక్టిస్ అయితే కొసల్లో గుండ్రటి బంతులు స్పష్టంగా ఉంటాయి, రాత్రే విచ్చుకుంటుంది, గాజులాంటి ఒళ్లు, పోలికలు చాలానే. కానీ దానికీ అస్థిపంజరం లేదు.

టెంటకిల్స్ పాతిక ఉండి, ఈకలు లేవన్నారు కాబట్టి క్లావులేరియా, జీనియా, గ్రీన్ స్టార్ లాంటి ఎనిమిది టెంటకిల్స్ వర్గమంతా పక్కకి. ఆ వర్గంలో వాటికి మామూలుగా రెండు పక్కలా ఈకలు ఉంటాయి, ప్రతి పాలిప్‌కీ టెంటకిల్స్ మాత్రం సరిగ్గా ఎనిమిదే. ఇందులో బేరం లేదు.

మిగిలింది గట్టి పగడం. మీ రెండో ఫొటోలో ఎడమ పక్కన చచ్చిపోయిన ఖాళీ గిన్నె ఒకటుంది, చూశారా? దాన్ని పెద్దది చేసి చూస్తే అంచు నుంచి మధ్యకి పలుచటి గోడలు వెళ్తున్నాయి. అవే సెప్టాలు. గట్టి పగడాల్లో ఇవి ఆరు, పన్నెండు, ఇరవై నాలుగు అన్న వరసలో పుడతాయి. పెద్దవి ఆరో పన్నెండో ముందు కనిపిస్తాయి, వాటి మధ్యన చిన్నవి. మీ ఫొటోలో నాకు పన్నెండు పెద్దవి, మధ్యలో పొట్టివి కనిపిస్తున్నాయి. ఇది గట్టి పగడమే, అందులో సందేహం అక్కర్లేదు.

ఉప్పుమామ
గిన్నె ఉందంటే నా కేసు కొట్టేసినట్టే. సిరంజి లోపల పెట్టేశాను. కానీ ఏ పగడం? సన్ కోరల్ (ట్యూబాస్ట్రియా అనే పగడం) పిల్లలు కావచ్చుగా? దాని లార్వాలు ట్యాంక్‌లో ఎక్కడ పడితే అక్కడ అతుక్కుంటాయి.

మాక్రోకన్ను
మంచి ప్రశ్న మామా. ట్యూబాస్ట్రియా పిల్లలు నీడలోనే అతుక్కుంటాయి, నిజమే. కానీ ఒళ్లు నారింజో పసుపో ఉంటుంది, గాజు టెంటకిల్స్ మీద తెల్ల పొక్కులు ఇంత స్పష్టంగా ఉండవు. పైగా నీలితొట్టి గారి ట్యాంక్‌లో పెద్ద సన్ కోరల్ లేదు కదా, పిల్లలు ఎక్కడి నుంచి వస్తాయి?

పోసిల్లోపోరా కూడా లార్వాలతో వ్యాపిస్తుంది. అద్దాల మీద, పంపుల మీద చిన్న చిన్న బిళ్లల్లా మొలుస్తుంది. కానీ దాని పాలిప్ ఒక మి.మీ. చుట్టూ ఉంటుంది, వెలుతురు కోరుకుంటుంది. ఇక్కడ కుదరదు.

నా లెక్కలో ఇది ఫిల్లాంజియా, ఆస్ట్రాంజియా, కులిసియా అనే చిన్న గిన్నె పగడాల గుంపులోది. మూడూ చూడటానికి ఒకేలా ఉంటాయి. గుహల్లో, రాళ్ల అడుగున, గుల్లల కింద బతుకుతాయి. లైవ్ రాక్‌తో రావడానికి వీటికంటే అనువైనవి ఉండవు. రాయిని ఏరేవాళ్లు పైవైపు చూస్తారు, ఇవి కింద ఉంటాయి.

పాలిప్‌ప్రియ
నేనూ అక్కడికే వచ్చాను. కానీ గోధుమరంగు ఉంది కాబట్టి దీనికి జూజాంథెల్లా (పగడం ఒంట్లో ఉండి వెలుతురుతో దానికి తిండి తయారుచేసే ఆల్గే) ఉన్నట్టు కాదా? అంటే వెలుతురు మీద బతుకుతుందనేగా? అప్పుడు రాయి తిప్పి పైకి పెట్టమని చెప్పాలి.

మాక్రోకన్ను
అక్కడే నాకు పేచీ. గోధుమరంగు ఒంటికి సొంతంగానూ ఉండొచ్చు, ఆల్గే వల్లా రావొచ్చు. నీలి వెలుగులో మెరిసినా అది రుజువు కాదు, ఆ మెరిసే ప్రొటీన్లు పగడం సొంతం, ఆల్గేవి కావు. గట్టి పగడాల జాతుల్లో దాదాపు సగం జూజాంథెల్లా లేకుండానే బతుకుతాయి, మన ట్యాంకుల్లోకి రావు కాబట్టి మర్చిపోతాం.

ఇంకో తిరకాసు: పశ్చిమ అట్లాంటిక్‌లో దొరికే ఆస్ట్రాంజియా పోక్యులేటా రెండు రకాలుగానూ బతుకుతుంది. ఆల్గే ఉంటే గోధుమరంగు, లేకపోతే తెల్లగా. పక్కపక్కనే ఒకటి గోధుమరంగు, ఒకటి తెలుపు ఉంటాయి, రెండూ ఆరోగ్యంగానే. కాబట్టి రంగు చూసి తిండి నిర్ణయించలేం.

దీని నోరే చెప్పాలి. నీలితొట్టి గారూ, అప్పుడే పొదిగిన ఆర్టీమియా పిల్లల్ని గానీ, కరిగించిన సైక్లోప్స్‌ని గానీ (రెండూ రొయ్య జాతి సన్నటి జీవులు) పిపెట్‌తో ఒకే ఒక పాలిప్ మీద మెల్లగా వదలండి. పంపులు ఆపి. పట్టుకుని లోపలికి తీసుకుంటే తిండి మీద ఆధారపడేదే అనుకుని నడుద్దాం. రాయిని మాత్రం తిప్పకండి. నీడలో అలవాటు పడినదాన్ని వెలుతురులోకి తెస్తే మొదట పాచి పట్టేస్తుంది. ఇంత చిన్న గిన్నెల్ని చంపేది చాలాసార్లు పాచే.

పాలిప్‌ప్రియ
సరే, తిప్పడం మానేద్దాం. తిండి పరీక్షకి నాదీ ఓటు.

రాత్రిడ్యూటీ
ఆ రాయి ఏ సముద్రం నుంచి వచ్చిందో తెలుసా? అది తెలిస్తే మూడింటిలో ఒకటి తగ్గుతుంది. కులిసియా హిందూ, పసిఫిక్ వైపు పగడం. అట్లాంటిక్ రాయి అయితే ఫిల్లాంజియా అమెరికానాకి ఎక్కువ అవకాశం.

నీలితొట్టి
రాయి ఒక పాత ట్యాంక్ మూసేసిన వాళ్ల దగ్గర తీసుకున్నాను, దాని చరిత్ర వాళ్లకీ తెలియదు. ఆ దారి మూసుకుపోయినట్టే.

కానీ తిండి పరీక్ష అదిరింది! ఆర్టీమియా పిల్లలు తగలగానే టెంటకిల్స్ ఒక్కొక్కటే లోపలికి వంగాయి. అతుక్కున్న నారింజ చుక్కలు నోటి దగ్గరికి చేరాయి, నోరు సన్నటి చీలికలా తెరుచుకుంది. కాసేపటికి గాజులాంటి ఒంట్లోంచి పొట్ట నారింజరంగులో కనిపించింది. దాని పక్కన ఉన్నవి, నేను వాటి మీద ఏమీ వేయకపోయినా, అవి కూడా విచ్చుకున్నాయి. వాసన తగిలినట్టుంది.

ఇంకో రెండు సంగతులు. అదే రాయి మీద ఎర్రటి చిన్న మొటిమల్లాంటివి గట్టిగా ఉన్నాయి, అవీ పగడమేనా? రెండోది చెప్పాలంటే భయంగా ఉంది. గుంపుకి నాలుగు వేళ్ల దూరంలో, పురుగు తొలిచిన కన్నంలో, పొడుగు టెంటకిల్స్ ఉన్నది ఒకటి ఉంది. పుల్ల దగ్గరికి తేగానే మాయం.

ఉప్పుమామ
హహహ. నేను మొదటి రోజే చెప్పలా? వేరే చోట ఉంది, అంతే.

మాక్రోకన్ను
ఎర్ర మొటిమలు హోమోట్రీమా అనే ఫోరామినిఫెరా అయి ఉంటాయి. ఒకే కణం ఉన్న జీవి, సున్నపు గూడు కట్టుకుంటుంది. గూడు మీద నోళ్లు, టెంటకిల్స్ ఏమీ లేవు కదా? అయితే అదే. హాని లేదు, వదిలేయండి. చచ్చిపోయినా రంగు చాలాకాలం ఉంటుంది.

కన్నంలోది మాత్రం మామ చెప్పిన ఐప్టేషియానే.

ఇక గిన్నెల పేరు. నా ఓటు ఫిల్లాంజియాకి. పలుచటి పొరతో కలిసి ఉన్నాయి అన్నారు. కులిసియాలో అయితే గిన్నెలు సన్నటి తీగల్లాంటి వాటితో కలిసి ఉంటాయి, తర్వాత అవీ కనపడకుండా పోతాయి. కానీ మీ పొర మీద పాచి ఉంది కాబట్టి పందెం కాయను. జాతి పేరు వరకూ వెళ్లాలంటే ఒక గిన్నె మాంసం లేకుండా శుభ్రం చేసి మైక్రోస్కోప్ కింద పెట్టాలి. ఆ ఖాళీ గిన్నె ఎప్పుడైనా ఊడి వస్తే దాచండి. అప్పటిదాకా ట్యాంక్ పుస్తకంలో "ఫిల్లాంజియా కావచ్చు" అని రాసుకోండి, అంతకుమించి ఎవరైనా ఫొటో చూసి చెప్తే ఊహించి చెప్తున్నట్టే.

నీలితొట్టి
ఇవి పక్క పగడాల్ని కుడతాయా? పెరిగి మీద పడతాయా?

పాలిప్‌ప్రియ
తాకినంత దూరంలో ఉంటే కుడతాయి, పగడం అన్నాక కుట్టకుండా ఉండదు. కానీ వీటి చెయ్యి అంత దూరం పోదు, పెరుగుదల నత్తనడక. వారానికి రెండు మూడుసార్లు, లైట్లు ఆరాక, చిన్న తిండి కొంచెం పెట్టండి. ఎక్కువ వేస్తే మిగిలింది కుళ్లి ఫాస్ఫేట్ పెరిగి, ఆ పాచే వీటి మీద ఎక్కుతుంది. మీ అంకెలు ఇప్పుడు బాగున్నాయి, వాటిని కదిలించొద్దు. రెండు రోజులకోసారి పిపెట్‌తో గిన్నెల మీద చెత్త ఊదేయండి, చాలు.

ఉప్పుమామ
ఐప్టేషియా సంగతి నాకు వదిలేయండి, ఇందులో నాకు బాగా అనుభవం.

మొదటిది, గీకొద్దు. కోసినా చింపినా మిగిలిన ముక్కలు కొత్త పిల్లలు కావొచ్చు. రెండోది, ముద్ద. కాల్షియం హైడ్రాక్సైడ్ నీళ్ల పీహెచ్ 12.4 దాకా ఉంటుంది, గిన్నెల మీద పడితే అవీ మాడతాయి. నాలుగు వేళ్ల దూరం అంటున్నారు కాబట్టి, పంపులన్నీ ఆపి, రాయిని అలాగే ఉంచి, గుంపు వైపు ఒక పలుచటి ప్లాస్టిక్ ముక్క అడ్డం పెట్టుకోండి. ముద్ద పెరుగులా చిక్కగా ఉండాలి, పల్చగా ఉంటే పారుతుంది. సిరంజి కొస దగ్గరికి తెచ్చి, అది విచ్చుకుని ఉండగానే నోటి మీద పెట్టాలి. ముడుచుకున్నాక కన్నం మీద ఇంకొంచెం అద్దండి. అరగంట ఆగి పంపులు వేయండి, ముందు పైన మిగిలిన తెల్ల పొడిని సైఫన్ చేయండి.

కొత్తజాలరి
మామా, దానికి బెర్గియా నత్తలు ఉన్నాయి కదా? అవి ఐప్టేషియా తప్ప ఇంకేమీ తినవట. రసాయనం గొడవే ఉండదు.

ఉప్పుమామ
నిజమే, కానీ అందుకే ఇక్కడ పనికిరావు. ఒక్క ఐప్టేషియా ఉన్న ట్యాంక్‌లో నత్తల్ని వేస్తే అది అయిపోయాక పస్తులుండి చస్తాయి. ట్యాంక్ నిండా ఉన్నవాళ్లకి అవి బంగారం.

రాత్రిడ్యూటీ
పెప్పర్‌మింట్ రొయ్య కొనాలని కూడా మీకు అనిపించవచ్చు. కొన్ని తింటాయి, కొన్ని ముట్టవు. కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త, వీపు మీద గూనితో పెద్ద కళ్లున్న కేమల్ రొయ్యని ఆ పేరుతోనే అమ్మేస్తుంటారు. అది పగడాల పాలిప్‌లనే తింటుంది. అసలు పెప్పర్‌మింట్ రొయ్య వచ్చినా ఈ గిన్నెల నోట్లో పెట్టిన తిండి లాక్కుంటుంది. ఒక్కదాని కోసం అంత అవసరం లేదు.

నీలితొట్టి
అర్థమైంది. ముద్ద ఆదివారం పెడతాను, పగలు పంపులు ఆపి. గిన్నెల్ని అక్కడే ఉంచుతున్నాను. మామా, ముద్ద ఎంత పరిమాణం?

ఉప్పుమామ
దానికి శనగగింజంత చాలు. 200 లీటర్లలో అంతకంటే ఎక్కువ ఒకేసారి వేస్తే నీళ్ల పీహెచ్ కదులుతుంది. ఒకసారికి చావకపోతే రెండు రోజులాగి మళ్లీ పెట్టండి. పెట్టే ముందు, పెట్టిన తర్వాత ఫొటోలు ఇక్కడే వేయండి.

మాక్రోకన్ను
గిన్నెలవి కూడా వేయండి. పాచి తొలగించాక ఆ పొర కనిపిస్తే ఫిల్లాంజియా మీద నా ఓటు మారొచ్చు.